చలికాలం లాంగ్ రైడ్ తర్వాత అంత నీరసం ఎందుకు?

హోస్ట్: అన్నా, ఎండాకాలంలో సైకిల్ మీద 100 కిలోమీటర్లు తొక్కినా సాయంత్రానికి మామూలైపోయేవాళ్లు, అదే దూరం చలిలో తొక్కితే రెండు రోజులు నీరసపడిపోతున్నారు. ఫిట్‌నెస్ పోయిందని టెన్షన్ పడుతున్నారు కూడా.

కోచ్: ఆ టెన్షన్ అక్కర్లేదు తమ్ముడూ. దూరం అదే, కష్టం మాత్రం అదే కాదు. 30 డిగ్రీల గాలి కంటే 0 డిగ్రీల గాలి 10 శాతానికి పైగా చిక్కగా ఉంటుంది. చదును రోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడు మన బలంలో ఎక్కువ భాగం గాలిని తోసుకెళ్లడానికే ఖర్చవుతుంది. దానికి తోడు కండరాలు చల్లబడితే వాటి శక్తి తగ్గుతుంది. చలికాలంలో వేగం తగ్గిందని బాధపడితే అర్థం లేదు.

హోస్ట్: మరి హార్ట్ రేట్ చూసుకుని తొక్కొచ్చా?

కోచ్: పూర్తిగా నమ్మలేం. చలికి చర్మం దగ్గరి రక్తనాళాలు ముడుచుకుని, రక్తం ఒంటి లోపలికి చేరుతుంది. అప్పుడు అంతే కష్టపడుతున్నా గుండె కాస్త నెమ్మదిగా కొట్టుకోవచ్చు. అంకె తక్కువ కనబడిందని ఇంకా గట్టిగా తొక్కేస్తారు. రక్తం అలా లోపలికి చేరడం వల్ల ఇంకో ఇబ్బంది ఉంది. ఒంట్లో నీరు ఎక్కువైందనుకుని కిడ్నీలు దాన్ని బయటికి పంపేస్తాయి. అందుకే చలిలో మాటిమాటికీ మూత్రం వస్తుంది. పైగా దాహమూ సరిగా తెలియదు.

హోస్ట్: చెమట పట్టలేదు కదా, నీళ్లెందుకు అనుకుంటాం.

కోచ్: జాకెట్ లోపల పడుతూనే ఉంటుంది. నోటి ముందు కనబడే ఆవిరి కూడా మన ఒంట్లోని నీరే. ఇక తిండి సంగతి. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. జేబు నిండా తినడానికి ఉంటుంది, గ్లవ్స్ తీస్తే వేళ్లు కొంకర్లు పోతాయని ఎవరూ తినరు! కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్, అంటే తిండిలోని కార్బోహైడ్రేట్ల నుంచి ఒళ్లు నిల్వ చేసుకునే ఇంధనం, సుమారు 400, 500 గ్రాములు. గట్టిగా తొక్కితే కొన్ని గంటల్లో అది అడుగంటుతుంది. వణుకు మొదలైతే ఆ వణుకూ అందులోంచే తింటుంది. మళ్లీ నిండాలంటే బాగా తిన్నా దాదాపు ఒక రోజు పడుతుంది. మర్నాడు మెట్లెక్కుతుంటే కాళ్లు బరువెక్కేది చాలావరకు అందుకే. అందుకని రేపర్లు ముందే విప్పి పెట్టుకోండి, గ్లవ్స్‌తోనే తీసి తినగలిగేలా.

హోస్ట్: రైడ్ అయ్యాక ముందు ఏం చేయాలి?

కోచ్: సైకిల్ తుడవడం, ఫోటోలు, కబుర్లు తర్వాత. ముందు తడి బట్టలు మార్చేయాలి. తొక్కడం ఆపగానే ఒంట్లో వేడి పుట్టడం ఒక్కసారిగా తగ్గిపోతుంది, తడి బట్టలు ఉన్న వేడిని లాగేస్తాయి. కాసేపటిదాకా ఒంటి లోపలి ఉష్ణోగ్రత ఇంకా పడుతూనే ఉండొచ్చు. పొడి బట్టలు వేసుకుని, టోపీ పెట్టుకుని, వెచ్చగా ఏదైనా తాగుతూ తినండి. కార్బోహైడ్రేట్లు, వాటితో పాటు కొంచెం ప్రొటీన్.

హోస్ట్: వెంటనే వేడినీళ్ల స్నానం?

కోచ్: బాగా వణుకుతున్నప్పుడు వద్దు, కళ్లు తిరిగి పడిపోవచ్చు. ఒళ్లు కాస్త వెచ్చబడ్డాక చేయండి. ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను. మాట తడబడుతున్నా, అడుగులు తూలుతున్నా, జిప్ తీసుకోవడం చేతకాకపోతున్నా అది అలసట అనుకోవద్దు. ఒంటి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే కిందకి పోతే అలాగే ఉంటుంది. వెచ్చగా కప్పి, వెంటనే వైద్యం అందించాలి. అలాంటి మనిషిని ఒంటరిగా బండి నడుపుకుంటూ ఇంటికి వెళ్లనివ్వకండి.

హోస్ట్: మళ్లీ ఎప్పుడు తొక్కొచ్చు?

కోచ్: పొద్దున లేవగానే పల్స్ చూసుకోండి. ఎప్పటికంటే బాగా ఎక్కువగా ఉంటే ఆ రోజు విశ్రాంతే. మామూలుగా ఉంటే ఓ అరగంట తేలిగ్గా తొక్కండి, ఆయాసం రాకూడదు. బాగా తిని, నిద్రపోయి కూడా రెండు వారాలు నీరసం వదలకపోతే రైడ్ మీదకి నెట్టేయకండి. డాక్టర్‌ని కలిసి ఐరన్, థైరాయిడ్ పరీక్షలు అవసరమేమో అడగండి.