ఏ వాలెట్ తెచ్చినా చదవాలి

అందరికీ నమస్కారం. ఒంగోలు, కావలి, కందుకూరు నుంచి వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులు, మీసేవ కేంద్రాలు నడిపేవాళ్ళు, సచివాలయాల డిజిటల్ అసిస్టెంట్లు ఇక్కడ ఉన్నారు. రేపు ఈ పని పడేది మీ చేతుల్లోనే కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

సర్టిఫికెట్లను, గుర్తింపు కార్డులను ఫోన్లోనే దాచుకుని, కావాల్సినప్పుడు చూపించే యాప్‌లను డిజిటల్ వాలెట్లు అంటున్నాం. ప్రభుత్వ డిజిలాకర్ ఉంది కదా, మళ్ళీ ఈ వాలెట్లు ఎందుకు అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2015లో వచ్చిన డిజిలాకర్ మనల్ని జిరాక్స్ షాపుల చుట్టూ తిరిగే బాధ నుంచి చాలావరకు తప్పించింది. కానీ అక్కడ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళకూ అడిగేవాళ్ళకూ మధ్య ఒక సర్వీసు ఉంటుంది. సెల్ఫ్ సావరిన్ పద్ధతిలో, అంటే మీ గుర్తింపు మీ చేతిలోనే ఉండే పద్ధతిలో, సర్టిఫికెట్ డిజిటల్ సంతకంతో మీ ఫోన్లోకే వస్తుంది. ఎవరిచ్చారో, మధ్యలో ఎవరైనా మార్చారో ఆ సంతకాన్ని బట్టి తెలిసిపోతుంది. ఎవరికి ఎంత చూపాలో మీరే తేల్చుకుంటారు. కొండపి పొగాకు రైతుకు ఎరువులు అరువిచ్చే వ్యాపారి ఉన్నాడనుకోండి. పొగాకు ఆరబెట్టే బ్యారన్‌కు లైసెన్సు ఉందా, ఈ ఏడాది ఎంత పంటకు అనుమతి ఉంది, ఈ రెండూ తెలిస్తే అతనికి చాలు. రైతు పుట్టిన తేదీ, ఆధార్ నంబరు అతనికెందుకు?

అయితే ఆ వ్యాపారి ఫోన్లో ఉన్న యాప్ రైతు వాలెట్‌ను చదవగలగాలి కదా. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

2021లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. కోవిడ్ టీకా వేయించుకున్నవాళ్ళకు ఇచ్చిన కోవిన్ సర్టిఫికెట్ మీది క్యూఆర్ కోడ్‌లో డిజిటల్ సంతకం ఉంది. డబ్ల్యూ3సీ అనే ప్రపంచ వెబ్ ప్రమాణాల సంస్థ 2019లో ఖరారు చేసిన వెరిఫయబుల్ క్రెడెన్షియల్ (సరిచూసుకోగల సర్టిఫికెట్) పద్ధతిలోనే దాన్ని తయారుచేశారు. సాంకేతికంగా మంచి పని. అయినా ఆ సెప్టెంబరులో బ్రిటన్ కోవిషీల్డ్ టీకాను ఒప్పుకుని, మన సర్టిఫికెట్‌ను మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. టీకా రెండు డోసులూ వేయించుకున్నవాళ్ళు కూడా అక్కడికి వెళ్ళి క్వారంటైన్‌లో ఉండాల్సి వచ్చింది. మన ప్రభుత్వమూ బదులుగా బ్రిటన్ ప్రయాణికులకు అదే నియమం పెట్టింది. అక్టోబరు 11 నుంచి గానీ ఆ పేచీ తీరలేదు. ఈలోపు విదేశాలకు వెళ్ళేవాళ్ళ కోసం సర్టిఫికెట్‌లో పూర్తి పుట్టిన తేదీ కూడా చేర్చాల్సి వచ్చింది. సంతకం సరిగ్గా ఉంటే సరిపోదని అప్పుడు తేలింది. అందులో ఏ వివరాలు ఉండాలి, ఎవరి సంతకాన్ని నమ్మాలి అన్న ఒప్పందం లేకపోతే సంతకం వెనకున్న గణితం ఎంత గట్టిదైనా కౌంటరు దగ్గర మనిషి ఆగిపోతాడు.

ఇప్పుడు ఇలాంటి సర్టిఫికెట్ల ఫార్మాట్లే కనీసం మూడున్నాయి. డబ్ల్యూ3సీది ఒకటి, కావాల్సిన వివరాలు మాత్రమే చూపనిచ్చే ఎస్‌డీ-జేడబ్ల్యూటీ ఒకటి, మొబైల్ డ్రైవింగ్ లైసెన్సు కోసం అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ 2021లో తెచ్చిన ఎండాక్ ఒకటి. ఇవి మూడూ ఉంటాయి, ఉండనివ్వండి. సర్టిఫికెట్ వాలెట్‌లోకి ఎలా రావాలి, వాలెట్ నుంచి ఎలా చూపాలి అన్నదానికి ఆన్‌లైన్ గుర్తింపు ప్రమాణాలు రూపొందించే ఓపెన్ఐడీ ఫౌండేషన్ 2025లో రెండు ప్రమాణాలను ఖరారు చేసింది. 2024 నాటి చట్టం ప్రకారం యూరోపియన్ యూనియన్‌లో ప్రతి సభ్యదేశమూ 2026 చివరికి తన ప్రజలకు వాలెట్ ఇవ్వాలి, ఒక దేశపు వాలెట్ ఇంకో దేశంలోనూ పనిచేయాలి. అంతమంది ఒకే దారిన నడిస్తే ఆ దారి నిలబడుతుందని నా నమ్మకం.

మనవాళ్ళకు చెప్పాలంటే యూపీఐ ఉండనే ఉంది. ఒక కంపెనీ యాప్ నుంచి ఇంకో కంపెనీ క్యూఆర్‌కు డబ్బు పంపుతున్నాం, ఎవరూ ఆశ్చర్యపోవడం లేదు. గుర్తింపులోనూ అలాగే కావాలి. కానీ ఒక తేడా మరవొద్దు. యూపీఐలో ప్రతి చెల్లింపూ మధ్యలో ఉన్న వ్యవస్థ గుండా వెళ్తుంది. డబ్బు విషయంలో అది తప్పదు. నేను ఏ ఆసుపత్రిలో, ఏ లాడ్జిలో, ఏ కోర్టులో గుర్తింపు కార్డు చూపించానో మాత్రం మధ్యలో ఎవరి దగ్గరా చిట్టా ఉండకూడదు. మధ్యవర్తి లేకుండా అందరూ కలిసి పనిచేయడం కష్టమే. అయినా ఇక్కడ రాజీ పడితే ఈ పనంతా చేయడం దండగ.

ఇక నమ్మకం సంగతి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాకు వెళ్ళింది. చీరాల, అద్దంకి బాపట్లలో కలిశాయి. అంతకుముందు ప్రకాశం జిల్లా అధికారి ఇచ్చిన కుల ధ్రువీకరణ పత్రం జిల్లా మారినంత మాత్రాన చెల్లకుండా పోకూడదు. కాగితం మీదైతే తాసిల్దారు పాత సీలు గుర్తుపడతారు. వాలెట్‌లో ఆ పని ఒక జాబితా చేయాలి. ఏ డిజిటల్ తాళంతో, ఏ తేదీల మధ్య, ఏ ఆఫీసుకు సంతకం చేసే హక్కు ఉండేదో అందులో రాసి ఉండాలి. పాత పేర్లు చెరిపేయకూడదు. ఆ జాబితాను ఎవరైనా ఉచితంగా చదువుకోగలగాలి. ప్రోగ్రాం రాయడం కంటే ఈ జాబితాను ఏళ్ళ తరబడి సరిగ్గా చూసుకోవడమే పెద్ద పని. దాన్ని ఎవరికి అప్పగించాలో ముందే తేల్చాలి.

ఫోన్ పోతే? వాలెట్ మీదేనని రుజువు చేసే రహస్య డిజిటల్ తాళం ఆ ఫోన్‌కే ముడిపడి ఉంటే ప్రతి సర్టిఫికెట్‌నూ మళ్ళీ తెచ్చుకోవాలి. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ ఉన్న ఇళ్ళు మన పల్లెల్లో ఇంకా ఉన్నాయి. అలాంటి ఇంట్లో భార్య వాలెట్ భర్త వేలిముద్రతో తెరుచుకుంటే అది ఆమె గుర్తింపు ఎలా అవుతుంది? అందుకే డిజిటల్ సంతకమున్న క్యూఆర్‌ను కాగితం మీద అచ్చు వేసి ఇచ్చే ఏర్పాటు కూడా ఉండి తీరాలి.

మీ కాలేజీ మార్కుల మెమోలను డిజిటల్‌గా ఇవ్వడానికి టెండరు పిలిస్తే, ఏదో ఒక కంపెనీ తన వాలెట్‌లో మాత్రమే తెరుచుకునే సరుకు తెస్తుంది. సంతకం పెట్టేముందు రెండు పరీక్షలు పెట్టండి. ఆ కంపెనీకి సంబంధం లేని రెండు వాలెట్లలోకి మెమో వెళ్ళాలి. ఆ కంపెనీ సర్వర్ ఆపేసినా బెంగళూరులో ఉద్యోగం ఇచ్చేవాళ్ళు ఆ మెమోను సరిచూసుకోగలగాలి. ఈ రెండు షరతులూ ఒప్పందంలో రాయించండి. నమూనా వాక్యాలు తెలుగులో, ఇంగ్లీషులో రాసి తెచ్చాను, వేదిక పక్కన ఉన్నాయి, తీసుకోండి.