నాలుగేళ్ల పిల్లకి స్పానిష్: పుస్తకం కొనే ముందు తలుపు తీయించండి

[తెర మీద: మూసి ఉన్న తలుపు. గొళ్లెం అందుకోబోతున్న చిన్న చెయ్యి.]

"ఆబ్రె లా పుయెర్తా." తలుపు తియ్యి అని అర్థం. నేను ఈ మాట మొదటిసారి అన్నప్పుడు మా అమ్మాయికి నాలుగున్నరేళ్లు. స్పానిష్ ఒక్క ముక్క కూడా రాదు. నేనే వెళ్లి తలుపు తీశాను. "సియెర్రా లా పుయెర్తా" అంటూ మూశాను. మూడోసారి "ఆబ్రె" అనగానే తనే పరిగెత్తుకెళ్లి తీసింది. నాలుగో రోజు నేను గదిలోకి వెళ్లబోతుంటే, లోపల్నించి "సియెర్రా!" అని అరిచి, ధడేల్మని నా మొహం మీదే తలుపు వేసేసింది. అదీ తన నోట వచ్చిన మొదటి స్పానిష్ మాట.

[తెర మీద: వర్క్‌బుక్ పేజీ. పక్కన అరిగిపోయిన క్రేయాన్లు.]

అంతకుముందు నెల రోజుల పాటు మేం ఒక అందమైన వర్క్‌బుక్‌తో కుస్తీ పట్టాం. ఎర్ర బంతి పక్కన 'రోహో', నీలం పిట్ట పక్కన 'అసూల్'. పేజీలన్నీ నిండాయి. "రోహో అంటే ఏంటమ్మా?" అని అడిగితే బిక్కమొహం వేసింది. పుస్తకాన్ని తప్పుపట్టలేను, గీత దాటకుండా రంగులు వేయడం బాగానే నేర్పింది.

అందుకే, "ఏ కరికులం తీసుకోమంటారు?" అని ఎవరైనా అడిగితే నేను పేరు చెప్పను. నమూనా పాఠం ఒకటి తెరవమంటాను. మొదటి పది నిమిషాల్లో పిల్ల ఏం చేయాలని ఉంది? లేవడం, వెతకడం, చూపించడం, గెంతడం ఉంటే ఇంకో పాఠం తిప్పి చూడండి. పెన్సిల్ పట్టుకుని కూర్చోవడమే ఉంటే, ఆరేళ్ల లోపు పిల్లకి అది వద్దు.

ఇది నేను కనిపెట్టిన విషయం కాదు. జేమ్స్ ఆషర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1960ల్లోనే దీన్ని ఒక బోధనా పద్ధతిగా మలిచాడు. పేరు 'టోటల్ ఫిజికల్ రెస్పాన్స్'. పేరు బరువుగా ఉంది కానీ సంగతి మనింట్లోదే. "ఇలా రా", "అది పట్రా", "కూర్చో" అంటే, మాటలు రాని పసిపిల్లలు కూడా చేసి చూపిస్తారు. వినడం ముందు, మాట్లాడటం ఎప్పుడో తర్వాత. కొత్త భాషలోనూ వారాలు, ఒక్కోసారి నెలలు పిల్లలు నోరు విప్పరు. టెన్షన్ పడకండి. "అంకుల్‌కి స్పానిష్‌లో చెప్పమ్మా" అని నలుగురిలో నిలబెట్టడం మాత్రం దయచేసి మానేయండి.

[తెర మీద: అయిదు అచ్చులు ఒక్కొక్కటిగా వెలుగుతాయి.]

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం. తెలుగు వచ్చిన పిల్లకి స్పానిష్ సగం దారి నడిచి ఎదురొస్తుంది. అచ్చులు అయిదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. ఇంగ్లీషులోలా ఒక్కో మాటలో ఒక్కో వేషం వేయవు. 'త', 'ద' పలికేటప్పుడు నాలుక పళ్లకి తగలాలి, అచ్చం మనలాగే. 'తూ' అంటే నువ్వు. ఇంగ్లీషు అలవాటుతో దాన్ని 'టూ' చేసేది పెద్దవాళ్లం మనమే. అక్షరమాలలో ఉండి, పెద్దగా పని లేక కూర్చున్న మన 'ఞ' ఉంది చూశారా, దానికి అక్కడ చేతినిండా పని. 'నీఞా' అంటే చిన్న పాప.

కష్టపెట్టేది ఒక్క 'ర'. 'పెరో' అంటే 'కానీ'. 'పెర్రో' అంటే కుక్క. రెండో దాంట్లో నాలుక గిరగిరా కొట్టుకోవాలి. స్పానిష్ మాట్లాడే ఇళ్లలో పుట్టిన పిల్లలకి కూడా అన్నిటికంటే ఆలస్యంగా పట్టుబడే శబ్దాల్లో ఇదొకటి. కాబట్టి దాని కోసం రోజూ సతాయించక్కర్లేదు.

వాక్యం దగ్గరికి వస్తే ఇంకా సరదా. 'మె గుస్తా ఎల్ పెర్రో': నాకు కుక్క నచ్చింది. 'మె గుస్తాన్ లోస్ పెర్రోస్': నాకు కుక్కలు నచ్చాయి. నచ్చింది, నచ్చాయి... గుస్తా, గుస్తాన్. క్రియ మారేది నచ్చినదాన్ని బట్టే, రెండు భాషల్లోనూ. ఇంగ్లీషు ద్వారా నేర్పే పుస్తకాలు ఇక్కడ పేజీలకి పేజీలు వివరిస్తాయి. మీరు తెలుగులో ఒక్క మాటతో తేల్చేయొచ్చు. 'నువ్వు', 'మీరు' తేడా కూడా అంతే: 'తూ', 'ఉస్తేద్'. కొన్న పుస్తకం ఇంగ్లీషులో ఉన్నా, ఇంట్లో వివరణ తెలుగులోనే ఇవ్వండి.

మనకి కొత్తగా అనిపించేది, వస్తువులకి కూడా ఆడ మగ ఉండటం. 'ఎల్ సోల్' అంటే సూర్యుడు, 'లా లూనా' అంటే చంద్రుడు. అవును, వాళ్ల చంద్రుడు ఆడ! బొమ్మల కార్డుల మీద ఉత్త 'లూనా' అని ఉందా, 'లా లూనా' అని ఉందా చూడండి. 'ఎల్', 'లా' లేకుండా నేర్పితే, తర్వాత ప్రతి మాటనీ రెండోసారి నేర్చుకోవాల్సి వస్తుంది.

స్పెయిన్ స్పానిషా, లాటిన్ అమెరికా స్పానిషా? 'థాంక్స్' చెప్పాలంటే స్పెయిన్‌లో ఎక్కువమంది 'గ్రాథియాస్' అంటారు, లాటిన్ అమెరికాలో 'గ్రాసియాస్' అంటారు. కారు స్పెయిన్‌లో 'కోచె', లాటిన్ అమెరికాలో చాలాచోట్ల 'కార్రో'. ఏదో ఒకటి పట్టుకోండి, చాలు.

[తెర మీద: ఫోన్ చూస్తున్న పిల్ల. ఫోన్ బోర్లా పడుతుంది.]

యాప్ ఒక్కటే సరిపోదా అంటే, 2003లో అమెరికన్ పరిశోధకురాలు ప్యాట్రిషియా కూల్ బృందం చేసిన ప్రయోగం ఒకటుంది. తొమ్మిది నెలల అమెరికన్ పాపలకి పన్నెండు విడతలు చైనా మాండరిన్ వినిపించారు. ఎదురుగా మనిషి కూర్చుని ఆడించిన పాపలు ఆ భాష శబ్దాలని గుర్తుపట్టారు. అవే మాటలు వీడియోలో చూసిన పాపలకి ఏమీ అబ్బలేదు. ఈ మాట నేను వీడియోలోనే చెప్తున్నాను, నాకే నవ్వొస్తోంది. అవి మరీ పసిపిల్లలే కానీ, నాలుగేళ్ల పిల్లకి కూడా పక్కన కూర్చుని ఆడే మనిషి కావాలి.

ఆ మనిషికి స్పానిష్ రాకపోతే? రాకపోయినా పర్లేదు, ఆ కరికులం మీ కోసం కూడా రాసిందై ఉండాలి. అంటే, స్పానిష్ సొంత భాషగా ఉన్నవాళ్ల గొంతుతో ఆడియో, పెద్దవాళ్లకి విడిగా గైడు. ఇంకొక్క పరీక్ష: మూడో పాఠంలో కొత్తగా వచ్చిన మాట ఒకటి పట్టుకుని పదో పాఠంలో వెతకండి. అక్కడ మళ్లీ కనిపించకపోతే, పిల్ల బుర్రలోనూ కనిపించదు. అట్ట మీద 'ఏ1 స్థాయి', అంటే భాషలో మొట్టమొదటి మెట్టు, అని ఉందని మురిసిపోకండి. ఆ స్థాయికి స్పెయిన్ ప్రభుత్వ భాషా సంస్థ ఇన్‌స్టిట్యూటో సెర్వాంతెస్ పెట్టే డెలె అనే స్పానిష్ పరీక్షలో బడిపిల్లల రకం కూడా 11 ఏళ్లు వచ్చినవాళ్లకే.

ఆలస్యమైపోయిందని కంగారు పడేవాళ్లకి కూడా ఒక మాట. స్పెయిన్‌లోని బార్సిలోనాలో కార్మెన్ మునోజ్ అనే పరిశోధకురాలి బృందం బడిలో ఇంగ్లీషు నేర్చుకునే పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించింది. అన్నే గంటల క్లాసులు విన్నాక చూస్తే, ఎనిమిదేళ్లకి మొదలుపెట్టినవాళ్ల కంటే పదకొండేళ్లకి మొదలుపెట్టినవాళ్లే ముందున్నారు. నాలుగేళ్లకే మొదలుపెట్టడంలో లాభమల్లా, ఆడుకోవడానికి బోలెడు టైమ్ ఉండటం.

[తెర మీద: పాత వర్క్‌బుక్, ఎర్ర బంతి పేజీ.]

మా పాత వర్క్‌బుక్ పారేయలేదు. ఏడాది తర్వాత మా అమ్మాయే అటక మీంచి తీయించుకుంది. ఎర్ర బంతి పేజీ తెరిచి, "నో ఎస్ రోహో, ఎస్ అసూల్!" అంటూ దాని మీద నీలం క్రేయాన్‌తో బరాబరా రుద్దేసింది.