రేణిగుంట నుంచి చంద్రగిరి దాకా: తిరుపతి స్టేషన్ల మధ్య కాలినడక

(దృశ్యం: తెల్లవారుజాము. రేణిగుంట ప్లాట్‌ఫారం. మూటలు, సంచులతో ఒక కుటుంబం రైలు దిగుతోంది.)

"నాయనా, గుడికి ఎటు నడవాలి?"

రేణిగుంట ప్లాట్‌ఫారం మీద ఈ ప్రశ్న నేను చాలాసార్లు విన్నాను. తిరుపతి వచ్చేసిందని ఎవరో చెబితే నమ్మి దిగిన పెద్దవాళ్లు అడిగే ప్రశ్న ఇది. ఎదురుగా ఏడుకొండలు కనిపిస్తూ ఉంటాయి కాబట్టి ఊరు కూడా పక్కనే ఉందనిపిస్తుంది. నిజానికి అక్కడి నుంచి తిరుపతి స్టేషన్ సుమారు పది కిలోమీటర్లు. చేతిలో బరువు లేని మనిషికి రెండు గంటల నడక. పిల్లలు, పెద్దలు, సామాను ఉంటే మూడు గంటలు దాటుతుంది. ఎండాకాలంలో ఆ మూడు గంటలు ఎలా ఉంటాయో ఈ జిల్లా వాళ్లకు చెప్పనక్కర్లేదు.

(దృశ్యం: చేతితో గీసిన పటం. కొండల వరుస, దాని తూర్పు అంచున వంపు తిరిగిన రైలు మార్గం.)

అసలు ఇంత ప్రసిద్ధమైన ఊరిని వదిలి పెద్ద జంక్షన్ రేణిగుంటలో ఎందుకు ఉంది? పటం చూడండి. కడప వైపు నుంచి వచ్చే రైలు మార్గానికి శేషాచలం కొండలు గోడలా అడ్డం నిలుస్తాయి. అందుకే అది కోడూరు, బాలపల్లి, మామండూరు మీదుగా కొండల తూర్పు అంచు పట్టుకుని దిగి, రేణిగుంట దగ్గర అరక్కోణం వైపు సాగిపోతుంది. ముంబై, చెన్నైలను కలిపే ఈ మార్గం 1871లో పూర్తయింది. తిరుపతి ఆ దారికి పడమరగా, కొండ ఒడిలో ఉండిపోయింది. తిరుపతి మీదుగా కాట్పాడి వెళ్లే లైను తర్వాత వచ్చింది, అదీ మీటర్ గేజ్. పెద్ద లైను బ్రాడ్ గేజ్. రెండు లైన్లలో పట్టాల మధ్య వెడల్పు వేరు కావడంతో ఒక లైను బండి మరో దాని మీదికి వెళ్లలేదు. అందుకే రేణిగుంటలో దిగి బండి మారిన జ్ఞాపకం మన తాతల తరంలో చాలామందికి ఉంటుంది. ఇప్పుడు గేజ్ ఒకటే అయింది. అయినా ముంబై, చెన్నై మధ్య తిరిగే రైళ్లలో చాలా వాటికి తిరుపతి దారిలో పడదు.

కాబట్టి రేణిగుంటలో దిగినవారికి నా మాట ఒక్కటే: నడవకండి. వెంటనే తిరుపతి బండి ఉంటే అదే ఎక్కండి, లేదంటే బయట బస్సులున్నాయి. ఆ రోడ్డు మీద లారీలు, బస్సులు విమానాశ్రయం కార్లతో కలిసి పరుగెత్తుతాయి. నడిచే మనిషికి నీడ తక్కువ.

(దృశ్యం: తిరుపతి స్టేషన్ పాదచారుల వంతెన మీద నుంచి కనిపించే గోపురం.)

తిరుపతి స్టేషన్‌లో దిగాక మాత్రం కాళ్లను నమ్ముకోవచ్చు. ఇక్కడ దారి చూపడానికి ఫోను కన్నా గోపురం మేలు. గోవిందరాజస్వామి ఆలయపు ఏడంతస్తుల గోపురం కనిపించే వైపు ఉత్తరం. ఊరు, కొండ, విష్ణు నివాసం వసతి సముదాయం, బస్టాండుకు వెళ్లే రోడ్డు, అన్నీ అటే. పొరపాటున దక్షిణం వైపు బయటికి వస్తే కంగారు పడవద్దు, లోపలికి తిరిగి వచ్చి పాదచారుల వంతెన మీదుగా ఇవతలికి రండి. బయటి నుంచి చుట్టి రావడం కన్నా అది తేలిక. స్టేషన్‌ను కొత్తగా కడుతున్నారు కాబట్టి ద్వారాలు మారుతూ ఉంటాయి. గోపురం మాత్రం కదలదు.

ఉత్తరం వైపు నుంచి బస్టాండు, దాని ఎదురుగా శ్రీనివాసం వసతి సముదాయం పదిహేను నిమిషాల నడక. తిరుచానూరు రోడ్డు మొదలయ్యేదీ ఆ వైపే. తిరుచానూరు పద్మావతి అమ్మవారి గుడికి స్టేషన్ నుంచి అయిదు కిలోమీటర్లు. శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ స్తంభాల కింద కొంతదూరం నీడ దొరుకుతుంది. పొద్దున్నే బయలుదేరితే హాయిగా సాగే నడక ఇది. కార్తిక బ్రహ్మోత్సవాల్లో, ముఖ్యంగా పంచమి తీర్థం రోజున, ఈ రోడ్డంతా జనమే. అప్పుడు వాహనం ఎక్కినవారి కన్నా నడిచేవారే ముందు చేరతారు.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. తిరుచానూరు స్టేషన్ అమ్మవారి గుడి ముందు లేదు. పేరు చూసి అక్కడ దిగితే గుడికి ఇంకా కొంత దూరం ఉంటుంది. వెలుతురు ఉండగా అయితే నడవండి. రాత్రి వేళ ఆటో మంచిది.

(దృశ్యం: బాలాజీ కాలనీ కూడలి. తర్వాత వెస్ట్ చర్చి దగ్గర రైలు కింది దారి.)

ఇప్పుడు పడమటికి వెళదాం. తిరుపతి వెస్ట్ చిన్న స్టేషన్, అక్కడ ఆగే రైళ్లు కొన్నే. పెద్ద స్టేషన్ నుంచి సుమారు మూడు కిలోమీటర్లు. టౌన్ క్లబ్, బాలాజీ కాలనీ, వెస్ట్ చర్చి గుర్తులుగా పెట్టుకుని నడిస్తే దారి తప్పరు. 1954లో మొదలైన వేంకటేశ్వర విశ్వవిద్యాలయం కూడా ఈ ప్రాంతంలోనే ఉంది. మామూలు రోజుల్లో ముప్పావు గంట చాలు.

వాన పడిన రోజున మాత్రం ఈ దారి వేరు. వెస్ట్ చర్చి దగ్గర రైలు పట్టాల కింద నుంచి వెళ్లే దారి పల్లంలో ఉంది. కొండ మీద కురిసిన నీరు, ఊళ్లో కురిసిన నీరు పల్లం వెతుక్కుంటూ అక్కడికే చేరతాయి. 2021 అక్టోబరులో ఆ నీళ్లలో ఒక వాహనం చిక్కుకుని, అందులో ఉన్న కొత్త పెళ్లికూతురు ప్రాణం పోయింది. దైవదర్శనానికి పొరుగు రాష్ట్రం నుంచి వచ్చిన కుటుంబం అది. వాళ్లకు ఆ పల్లం లోతు ఎలా తెలుస్తుంది? మనకు తెలుసు. తెలిసిన మనం చెప్పాలి. ఆ దారిలో నీరు నిలిచిందంటే మోకాలి లోతే కదా అని దిగవద్దు, ఇంకొకరిని దిగనివ్వవద్దు. చుట్టు తిరిగి వెళ్లండి, లేదా వాన తగ్గేదాకా ఆగండి.

(దృశ్యం: ఖాళీ పట్టాలు. దూరంగా వంపులో రైలు.)

ఇంకొక దారి ఉంది కదా, పట్టాల వెంట నేరుగా నడిస్తే సగం దూరం తగ్గుతుంది కదా అని ఎవరైనా చెబితే వినకండి. విద్యుత్ ఇంజను రైలు వంపు తిరిగి దగ్గరికి వచ్చేదాకా చప్పుడు సరిగా వినిపించదు. వేగంగా వచ్చే రైలుకు బ్రేకు వేసినా ఆగడానికి కిలోమీటరు దాకా పట్టవచ్చు. పైన తీగల్లో 25,000 వోల్టుల విద్యుత్తు ఉంటుంది. చట్టం కూడా ఒప్పుకోదు: 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. రాయలచెరువు రోడ్డు గేటు వేసి ఉన్నప్పుడు దాని కిందుగా వంగి వెళ్లేవారిని చూస్తే నాకు ఇప్పటికీ గుండె జారిపోతుంది. చంకలో బిడ్డను పెట్టుకుని కూడా వెళతారు. ఆ అయిదు నిమిషాలు ఆగండమ్మా.

(దృశ్యం: చంద్రగిరి. కొండ కింద రాజమహల్.)

తిరుపతి నుంచి చంద్రగిరి దాకా కాలినడకన వెళ్లమని నేను చెప్పను, పన్నెండు కిలోమీటర్లకు పైగా రోడ్డు దారి అది. రైలులో చంద్రగిరికి చేరి, అక్కడి నుంచి నడక మొదలుపెట్టండి. ఈ మార్గంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. ఒక వైపు కోట, మరో వైపు కొండకు దారి. విజయనగర రాజుల చివరి రాజధానుల్లో ఒకటైన ఊరు ఇది. 1639లో ఆంగ్లేయుల కంపెనీకి మద్రాసు దగ్గర చోటు ఇచ్చిన పత్రాన్ని ఈ కోటతో ముడిపెట్టి చెబుతారు. రాజమహల్ ఇప్పుడు పురావస్తు శాఖ ప్రదర్శనశాల. శుక్రవారం సెలవు, ఆ రోజు వెళితే తలుపులు మూసి ఉంటాయి.

కొండకు నడిచి వెళ్లాలనుకునేవారికి మంచి ప్రణాళిక ఒకటి ఉంది. చంద్రగిరిలో దిగి శ్రీనివాస మంగాపురం కల్యాణ వేంకటేశ్వరస్వామిని దర్శించుకుని, శ్రీవారి మెట్టుకు, అంటే కొండకు మెట్ల దారి మొదలయ్యే చోటికి వెళ్లండి. 2,388 మెట్లు. కొండకు ఉన్న మరో మెట్ల దారి అలిపిరిలో 3,550. శ్రీవారి మెట్టు దారి పొడవు తక్కువ, ఎక్కుడు మాత్రం గట్టిగా ఉంటుంది. స్టేషన్ నుంచి మంగాపురం, మంగాపురం నుంచి మెట్ల మొదలు, రెండూ కలిపి దాదాపు పది కిలోమీటర్లు రోడ్డు నడకే. మోకాళ్ల బలమంతా ఆ రోడ్డు మీదే ఖర్చు చేయకుండా అంతవరకు ఆటోలో వెళ్లండి.

సాయంత్రం ఆరు దాటితే ఆ మెట్ల దారిలోకి పంపరు. మధ్యాహ్నం బండికి చంద్రగిరిలో దిగేవారైతే కోట చూడటం మరో రోజుకు ఉంచుకుని, ముందు మెట్ల దగ్గరికి చేరుకోండి.