ఫోన్‌లో మెమరీ టెస్టు: స్కోరు చూసి కంగారు పడేముందు

అందరికీ నమస్కారమండి. వాకింగ్ అయ్యాక ఇంటికెళ్లి టిఫిన్ చేసుకోవాల్సినవాళ్లని ఆపి కూర్చోబెట్టారు కాబట్టి నేరుగా విషయంలోకి వచ్చేస్తా.

ఈమధ్య చాలా ఇళ్లల్లో పిల్లలు ఏదో ఒక మెమరీ టెస్టు యాప్ వేసేసి "నాన్నా, ఇది ఒకసారి చెయ్యి" అని ఫోన్ చేతిలో పెడుతున్నారు, పావుగంటలో స్కోరు వస్తుంది, అది తక్కువొస్తే ఇక ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. నేను చెప్పేది ఒకటే, ఆ స్కోరు ఒక్క మీ జ్ఞాపకశక్తిది కాదు, మీ చదువు, కళ్లజోడు, చెవులు, వేళ్లు, ఫోన్ అలవాటు అన్నీ కలిస్తే వచ్చిన స్కోరు అది.

అసలు ఈ పరీక్షలు ఎదురుగా మనిషి కూర్చుని అడిగేవి. 1975లో వచ్చిన ఎంఎంఎస్ఈ, 2005లో వచ్చిన మోకా అని డాక్టర్లు వాడే టెస్టులు రెండున్నాయి, రెండూ 30 మార్కులకే. మోకాలో చదువు 12 ఏళ్లు దాటని వాళ్లకి ఒక మార్కు కలుపుతారు. బడి గుమ్మం తొక్కని అమ్మమ్మకీ, బ్యాంకులో మేనేజరుగా రిటైరైన తాతయ్యకీ ఉన్న తేడా ఆ ఒక్క మార్కుతో సర్దుకుంటుందంటే నేనైతే నమ్మను. అందులో గడియారం బొమ్మ గియ్యమంటారు, జీవితంలో పెన్సిల్ పట్టనివాళ్లని గియ్యమంటే ఏం గీస్తారు చెప్పండి? అందుకే 1990ల్లోనే హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో చదువురాని పెద్దవాళ్ల కోసం హిందీలో విడిగా ఒక పరీక్ష తయారుచేశారు, తర్వాత ఐసీఎంఆర్, అంటే కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి వాళ్లు తెలుగుతో కలిపి ఐదు భాషల్లో టెస్టులు తయారుచేయించారు. కానీ ఇవన్నీ ట్రైనింగ్ ఉన్న మనిషి దగ్గరుండి చేయించేవే.

ఎవరికి వాళ్లు చేసుకునేవాటిలో నాకు నచ్చింది సేజ్ అనే టెస్టు, అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్లది. నాలుగు పేజీల కాగితం, 22 మార్కులు, టైం లిమిట్ లేదు. అందులో ఒక తమాషా ఉంది, అంతా అయిపోయాక చివరి పేజీ కింద "నేను పూర్తి చేశాను" అని రాయాలని ముందే చెప్పి ఊరుకుంటారు, మళ్లీ గుర్తుచెయ్యరు. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతాం చూడండి, సరిగ్గా ఆ రకం మతిమరుపు అక్కడ దొరికిపోతుంది. దీనికి ఇప్పుడు ట్యాబ్ వెర్షన్ కూడా ఉంది.

డిజిటల్‌ది వేస్ట్ అని మాత్రం నేను అనను. కాగితం మీద ఆన్సరు మాత్రమే కనబడుతుంది, ట్యాబ్‌లో అయితే ఎంతసేపు ఆగారు, ఎక్కడ గీసి చెరిపారు అన్నీ రికార్డవుతాయి. మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు ఉందని పెద్దవాళ్ల మీద దేశమంతా చేసిన లాసీ-డ్యాడ్ సర్వే లెక్క, అంతమందినీ కూర్చోబెట్టి పరీక్ష చెయ్యడానికి న్యూరాలజిస్టులు ఎక్కడున్నారు?

కాకపోతే భాష గొడవ ఒకటుంది. నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో చెప్పండి అని అడుగుతుంది యాప్, మన హైదరాబాదీ ఆయన కుక్క, పిల్లి, షేర్, టైగర్, బక్రా అంటూ మూడు భాషలూ కలిపి చెప్పేస్తాడు. మైక్ వెనకున్న సాఫ్ట్‌వేర్‌కి ఒక్క తెలుగే వస్తే సగం పోయినట్టే, మార్కులు ఆయనకి తగ్గుతాయి. ఇదే హైదరాబాద్‌లో నిమ్స్‌కి వచ్చిన 648 మంది డిమెన్షియా పేషెంట్లని చూసి 2013లో అచ్చేసిన స్టడీలో, రెండు భాషలు మాట్లాడేవాళ్లకి జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడిందని తేలింది, చదువు రానివాళ్లలో కూడా. అలాంటిది ఆ రెండో భాషకే మార్కులు కోస్తే ఎలాగండి!

ఇంట్లో చేసేటప్పుడు చదివే కళ్లజోడు పెట్టుకోండి, హియరింగ్ ఎయిడ్ ఉంటే అదీనూ. ఫోన్‌కి కాల్స్ రాకుండా చూసుకోండి. వేళ్లు పొడిబారితే స్క్రీన్ టచ్ తీసుకోదు, అది మతిమరుపు కింద లెక్కేసుకోవద్దు. నిద్రమాత్ర, జలుబు మాత్ర మత్తులో, భోజనం చేసి కునికిపాట్లు పడుతూ చెయ్యకండి. మనవడిని మాత్రం పక్కన ఉంచుకోకండి, వాడు ప్రేమకొద్దీ ఆన్సర్లు అందిస్తాడు. ఇంకోటి, బీపీలాగా రోజూ చూసుకునేది కాదిది, మాటిమాటికీ చేస్తే ప్రశ్నలు బట్టీ వచ్చేసి స్కోరు ఊరికే పెరుగుతుంది.

స్కోరు తగ్గితే డాక్టరు ముందు బీ12 విటమిన్, థైరాయిడ్ చూస్తారు, డిప్రెషన్ ఉందేమో అడుగుతారు, వాడే మందులన్నీ అడుగుతారు, వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. అలాగే స్కోరు బాగొచ్చిందని ఊరుకోకూడదు కూడా. లెక్కల మాస్టారుగా చేసినాయనకి 30కి 29 రావచ్చు, కానీ ఆయన ఈమధ్య కరెంటు బిల్లు రెండుసార్లు కట్టేస్తున్నాడని, తెలిసిన సందులోనే దారి తప్పుతున్నాడని భార్య చెబితే నేను ఆవిడ మాటే వింటా, యాప్ మాట కాదు. అందుకని డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు స్కోరు స్క్రీన్‌షాట్‌తో పాటు మీతో రోజూ ఉండే మనిషిని కూడా తీసుకెళ్లండి.

సరే, ఇక ప్రశ్నలు అడగండి. ఆ వెనక నిలబడ్డ అమ్మగారికి ముందు మైక్ ఇవ్వండి.