పాటలేమైనా వింటున్నారా?

శ్రోతలకు నమస్కారం.

మన కోస్తా ఊళ్లలో తెల్లవారుజామున ఎక్కడో మైకులో ఘంటసాల గారి భగవద్గీత మొదలైతే, వీధిలో జనం తలుపులు తీసుకుని బయటికొస్తారు. "ఎవరు పోయారో?" అని ఒకర్నొకరు అడుగుతారు. నిజానికి గీత పోయినవాళ్ల కోసం చెప్పింది కాదు. యుద్ధానికి ముందు చేతులాడక కూలబడిపోయిన మనిషికి చెప్పింది. ఘంటసాల తన చివరి రోజుల్లో దాన్ని భక్తితో పాడారు గానీ చావింటి కోసం పాడలేదు. 1974 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశారు. ఆ తర్వాత ఈ యాభై ఏళ్లలో ఆ రికార్డును తీసుకెళ్లి వైకుంఠ రథం మీద పెట్టింది మన జనమే. ఇప్పుడు పొరపాటున ఏ పెళ్లింట్లోనో వేస్తే పెద్దవాళ్లు కేకలేస్తారు.

నేను మానసిక వైద్యుణ్ణి. ఈ రికార్డు గురించి ఆలోచించాల్సిన పని నాకు ఒక టీచరమ్మ వల్ల పడింది. ఆవిడెవరో తెలియకుండా వివరాలు మార్చి చెబుతున్నాను. భర్త పోయిన రోజు పొద్దుటి నుంచి శవాన్ని లేపేదాకా ఇంటి ముందు షామియానాలో అదే రికార్డు తిరిగింది. ఏడాది దాటినా సరే, ఆ గొంతు వినపడితే చాలు, ఆవిడకి గుండె దడ, అరచేతుల్లో చెమటలు, ఊపిరాడకపోవడం. ముందు గుండె డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఈసీజీ, ఎకో అన్నీ నార్మల్. ఆయన నా దగ్గరికి పంపారు. కూర్చోగానే ఆవిడ అడిగిన మొదటి మాట: "నాకు పిచ్చి పట్టిందంటారా డాక్టరు గారూ?"

పిచ్చి కాదు. పాట ఒక్క మాటల్నే గుర్తుచేసి ఊరుకోదు. అది విన్నప్పటి అగరొత్తుల వాసన, వాకిట్లో జనం, ఒంట్లో పుట్టిన వణుకు, అన్నిటినీ వెంటబెట్టుకొస్తుంది. జ్ఞాపకాలు చేరే హిప్పోకాంపస్, ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా మెదడులో ఆనుకునే ఉంటాయి, కలిసే పనిచేస్తాయి. చూడలేని ఫొటోను బీరువాలో పెట్టి తాళం వేసుకోవచ్చు. వీధి చివర మైకును ఏం చేస్తాం?

ఆవిడ గుడికి వెళ్లడం మానేశారు. పొద్దున పూట కిటికీలు మూసేసేవారు. ఇలా తప్పించుకున్న ప్రతిసారీ ఆ పూటకి టెన్షన్ తగ్గుతుంది, మర్నాటికి భయం ఇంకొంచెం పెరుగుతుంది. అందుకని మేం ఎదురు నడిచాం. ఇంట్లో, సౌండ్ బాగా తగ్గించి, కూతురు పక్కన కూర్చుని ఉండగా ఒక్క శ్లోకం. అది అలవాటయ్యాక ఇంకొకటి. మధ్యమధ్యలో ఆయన గురించి మాటలు. ఒకరోజు ఆవిడే చెప్పారు, ఆయన స్నానం చేస్తూ అవే శ్లోకాలు తప్పుల తడకగా పాడేవారట. ఆ తప్పులు పాడి వినిపించి, నవ్వి, ఏడ్చారు. ఇప్పటికీ ఆవిడకి ఆ రికార్డంటే ఇష్టం లేదు. కానీ గుడికి వెళ్తున్నారు. నాకది చాలు.

ఇక మన పల్లెల్లో ఆడవాళ్లు రాగాలు తీసి ఏడవడం సంగతి. తెలంగాణలో శోకం పెట్టడం అంటారు. చదువుకున్నవాళ్లం ఇబ్బందిగా మొహం తిప్పుకుంటాం, 'ఓవరాక్షన్' అని గొణుక్కుంటాం. ఎప్పుడైనా చెవిపెట్టి వినండి. పోయిన మనిషిని వరసపెట్టి పిలుస్తుంది. తిరునాళ్లలో ఏం కొనుక్కొచ్చాడో, పిల్ల పెళ్లి ఎలా చేస్తానన్నాడో, ఏ పొలం మీద ఎంత అప్పు ఉందో, తనని ఎవరి చేతిలో పెట్టి పోయాడో, అన్నీ ఆ రాగంలోనే వస్తాయి. దెప్పుళ్లూ వస్తాయి. ఆస్పత్రికి డబ్బు సర్దని బావగారికి, మంచాన ఉన్నన్నాళ్లూ తొంగిచూడని ఆడబిడ్డకి ఆ రోజు అందరి ముందూ తగలాల్సింది తగులుతుంది. అదే మాట మామూలుగా అంటే గొడవైపోతుంది, రాగంలో అంటే ఎవరూ ఎదురు చెప్పరు. కొత్తగా చుట్టం గడపలో అడుగుపెట్టగానే ఒకరి మీద ఒకరు పడి మళ్లీ అందుకుంటారు. కాసేపటికి ఆగి, ముక్కు చీదుకుని, "ఏ బస్సుకొచ్చావు, కాఫీ తాగావా?" అని అడుగుతారు.

అదిగో, ఆ కాఫీ ప్రశ్న విన్నవాళ్లే ఇదంతా నటన అనుకుంటారు. నా ఉద్దేశంలో అసలు ఆరోగ్యం అంతా అక్కడే ఉంది. నెదర్లాండ్స్‌లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షూట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో ఒక సిద్ధాంతం రాశారు. దుఃఖంలో ఉన్న మనిషి కాసేపు పోయినవాళ్ల తలపుల్లోకి వెళ్తాడు, కాసేపు బతుకు పనుల్లోకి వస్తాడు, మళ్లీ వెళ్తాడు. ఇలా అటూ ఇటూ తిరగడమే కోలుకునే దారి అని. మా వాళ్లు పుస్తకాల్లో చదువుకునేది మా అమ్మమ్మల వాకిట్లో ఎప్పటినుంచో నడుస్తోంది. అలాగని పల్లె పద్ధతులన్నీ గొప్పవని నేను అనను. భర్త పోయిన మనిషికి గాజులు పగలగొట్టడం, బొట్టు తుడిచేయడం చూసిన డాక్టరెవరూ ఆ మాట అనలేరు.

పట్నాల్లో వేరే సమస్య. అపార్ట్‌మెంట్లో గట్టిగా ఏడిస్తే పక్క ఫ్లాట్ వాళ్లు ఏమనుకుంటారోనని బెంగ. చుట్టాలు నాకు ఫోన్ చేస్తారు: "మా వదిన ఒకటే ఏడుపండీ, ఏదైనా నిద్ర ఇంజక్షన్ ఇచ్చేయండి." మనిషి పోయి ఒక రోజు కాలేదు, ఏడవక ఏం చేస్తుంది? వేరే మానసిక జబ్బేమీ లేకుండా ఆప్తుల్ని పోగొట్టుకున్న దుఃఖంలో ఉన్నవాళ్లకి డైజిపామ్ లాంటి మత్తు మందులు ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే మార్గదర్శకాల్లో రాసింది. ఆ మందు దుఃఖాన్ని తగ్గించదు. చుట్టూ ఉన్నవాళ్ల ఇబ్బందిని తగ్గిస్తుంది. అందుకే ఫోన్ చేసినవాళ్లకి నేను, "మీరు వెళ్లి ఆవిడ పక్కన కూర్చోండి" అని చెబుతాను. కొందరికి కోపం వస్తుంది.

కోపం అన్నాను గనక రామదాసు గురించి ఒక మాట. గోల్కొండ చెరసాలలో కంచర్ల గోపన్న పాడిన కీర్తన మీలో చాలామందికి నోటికి వచ్చే ఉంటుంది. సీతమ్మకి ఏ నగ చేయించానో, లక్ష్మణుడికి ఏది చేయించానో, దేనికెంత అయిందో లెక్కలు చెప్పి, ఎవరి సొమ్మనుకుని కులుకుతున్నావని దేవుణ్ణే నిలదీస్తాడు. చివరికి, దెబ్బలకి ఓర్చుకోలేక తిట్టాను, ఏమీ అనుకోవద్దంటాడు. నా గదిలో ఈ రెండూ రోజూ వింటాను. "నన్నిలా వదిలేసి పోయాడండీ" అని పోయిన మనిషిని తిట్టడం, ఆ వెంటనే "అయ్యో, ఏమన్నానూ" అని చెంపలు వేసుకోవడం. పోయినవాళ్ల మీద కోపం రావడం పాపమని చాలామంది లోపలే తొక్కిపెడతారు. అలాంటివాళ్లకి నేను రామదాసు పేరు చెబుతాను. అంత భక్తుడే తిట్టాడు కదా అనేసరికి కొంచెం తెరిపిన పడతారు.

2020, 2021 సంవత్సరాల్లో ఈ రాగాలన్నీ ఆగిపోయాయి. కోవిడ్ వార్డు నుంచి మూటగట్టిన శరీరం నేరుగా శ్మశానానికి. మొహం చూడలేదు, పట్టుకుని ఏడవలేదు, పదకొండో రోజు పిలవడానికి ఎవరూ లేరు. ఆ రోజుల్లోనే బాలసుబ్రహ్మణ్యం గారు ఆస్పత్రిలో చేరారు. ఆగస్టు 20 సాయంత్రం ఆరు గంటలకి ఎక్కడివాళ్లు అక్కడే ఆయన పాట పెట్టుకుని ప్రార్థన చేశారు. సెప్టెంబరు 25న ఆయన పోయారు. ఆ తర్వాత కొన్నాళ్లపాటు నా దగ్గరికి వచ్చినవాళ్లలో కొందరు, సొంత తండ్రి పోయినప్పుడు రాని ఏడుపు బాలు గారు పోయిన రోజు టీవీ ముందు కూర్చుంటే వచ్చిందని చెప్పారు. సిగ్గుపడుతూ చెప్పారు. సిగ్గుపడాల్సింది ఏముంది? తండ్రికి ఏడ్చే అవకాశం రాలేదు. ఊరంతా ఒక మనిషి కోసం ఏడుస్తున్న రోజున ఆ ఏడుపూ అందులో కలిసి బయటికొచ్చింది.

అయితే ఎంతకాలం ఏడిస్తే దుఃఖం, ఎంత దాటితే జబ్బు? ఈ ప్రశ్నకి పత్రికల్లో అయిదు దశలంటూ ఒక లెక్క రాస్తుంటారు. ఎలిజబెత్ కుబ్లర్ రాస్ 1969లో వాటిని రాసింది చావుకి దగ్గరైన రోగుల గురించి. వెనక మిగిలినవాళ్లకి తర్వాత అంటగట్టారు. మొన్న ఒకాయన "నాకు మూడో దశ ఇంకా రాలేదండీ" అని దిగులుపడ్డారు, అదేదో ప్రమోషన్ ఆగిపోయినట్టు! అలాంటి వరస ఏమీ లేదు. కానీ కొందరిలో దుఃఖం మొదటి రోజు ఎంత పచ్చిగా ఉందో అలాగే నిలిచిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో దీన్ని ఇప్పుడు ఒక రుగ్మతగా చేర్చారు, కనీసం ఆరు నెలలు దాటాలన్నారు. అమెరికా వాళ్లు 2022లో పెద్దవాళ్లకి ఏడాది గడువు పెట్టారు. ఈ కాలెండరు ఒక్కటే చూసి నేను నిర్ణయించను. సంవత్సరీకం నాడు, పండగ నాడు ఏడుపు రావడం ఎన్నేళ్లయినా ఉంటుంది, అది జబ్బు కాదు. తిండి, నిద్ర, పని, మనుషులు, వీటిలోకి మనిషి మళ్లీ వస్తున్నాడా లేదా అని చూస్తాను.

అది తెలుసుకోవడానికి అడిగే ప్రశ్నల్లో ఒకటి, "పాటలేమైనా వింటున్నారా?" ఆకలి గురించి అడిగితే "బాగానే ఉందండీ" అని మర్యాదకి చెప్పేస్తారు. పాట గురించి ఎవరూ అడగరు కాబట్టి నిజం చెబుతారు. "విందామనుకుంటానండీ, పెడితే ఏడుపొస్తోంది" అంటే నాకు కొంత ధైర్యం. "పెట్టుకుంటాను, ఏమీ అనిపించదు, వట్టి మోతలా ఉంటుంది" అంటే జాగ్రత్తపడతాను. ఏ సంతోషమూ మనసుకి అందకపోవడం డిప్రెషన్‌కి ముఖ్యమైన గుర్తు. ఆ జవాబు వచ్చాక తప్పకుండా ఇంకో ప్రశ్న అడుగుతాను, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని ఇంట్లోవాళ్లు భయపడతారు. అవదు. అడిగినందుకు చాలామంది ఊపిరి పీల్చుకుంటారు.

కుర్రాళ్ల సంగతి కొంచెం వేరు. ప్రేమ బెడిసికొట్టి, రాత్రంతా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకే విషాద గీతం. తల్లిదండ్రులు ఫోన్ లాక్కుంటారు. విషాద గీతం చాలామందికి మేలే చేస్తుంది, మన బాధని ఇంకొకరు చెప్పినట్టుంటుంది. కానీ జరిగినదాన్నే తిరగదోడుకునే స్వభావం ఉన్నవాళ్లని, డిప్రెషన్‌లో ఉన్నవాళ్లని అది ఇంకా కిందికి దింపొచ్చు. విన్నాక తేలికపడ్డాడా, ఇంకా కుంగాడా అని అడగండి. పాట మీద నిషేధం పెట్టి లాభం లేదు.

ఫలానా రాగం వింటే బీపీ తగ్గుతుందని, ఫలానా రాగం షుగరుకి మందని వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. నాకు సంగీతం ఇష్టం గనకే వీటి మీద చిరాకు. రాగాన్ని మాత్రలా మూడు పూటలా రాసివ్వలేం. ముఖారి వింటే ఒకరికి కన్నీళ్లొస్తాయి, ఇంకొకరికి నిద్రొస్తుంది. ఒక విషయం మీద జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి తూచి చూసే కాక్రేన్ సమీక్ష ఒకటి 2017లో వచ్చింది, అది చెప్పింది కొంచెమే: డిప్రెషన్‌కి మామూలు వైద్యంతో పాటు శిక్షణ ఉన్నవాళ్లు సంగీత చికిత్స చేస్తే, వైద్యం ఒక్కటే చేసినదానికంటే కొద్దికాలానికి మెరుగ్గా ఉందని. "పాటు" అన్న మాట మరిచిపోయి, మాత్రలు ఆపేసి సీడీలు కొనుక్కున్నవాళ్లని చూశాను.

సంగీతం నిజంగా ఆశ్చర్యపరిచే చోటు మరొకటుంది. అల్జీమర్స్ ఉన్న ఒక పెద్దాయన ఒకప్పుడు నాటకాల్లో హరిశ్చంద్రుడు వేసేవారు. కూతుర్ని "ఎవరమ్మా నువ్వు?" అని అడుగుతున్నారు. కాటిసీను ఎత్తుకోమంటే మాత్రం, జాషువా గారి శ్మశానం పద్యాలు ఆలాపనతో సహా అక్షరం పోకుండా పాడతారు. ఎప్పటినుంచో తెలిసిన సంగీతాన్ని గుర్తుపట్టే మెదడు భాగాలు ఈ జబ్బులో మిగతావాటికంటే నిదానంగా దెబ్బతింటున్నాయని జర్మనీలోని లైప్జిగ్ పరిశోధకులు 2015లో చూపించారు. చుట్టాలు చప్పట్లు కొట్టారు. కూతురు మాత్రం బయట వరండాలో నాతో అంది: "అంత పద్యం గుర్తుంది, నా పేరు గుర్తులేదు. మనిషి బతికుండగానే నేనెలా ఏడవాలండీ?" పద్యం తిరిగి వచ్చినంత మాత్రాన తండ్రి తిరిగి రాడు. ఆ రోజు నుంచి ఆయన మందులతో పాటు ఆవిడ కోసం కూడా ఒక టైము కేటాయించాం. ఇలాంటి ఇళ్లలో రోగిని చూసుకునేవాళ్లని ఎవరూ పరామర్శించరు, చావు జరగలేదు కాబట్టి.

మా వృత్తిలోనూ అలాంటిదే ఒకటుంది. ఏళ్ల తరబడి చూసిన రోగి ప్రాణం తీసుకున్నాడని కబురొస్తుంది. ఆ ఇంటికి వెళ్లాలా వద్దా తెలియదు. బయట తర్వాతి టోకెన్ పిలుస్తుంటారు. తోటి డాక్టర్లు ఒకచోట కూర్చుని ఆ మనిషి గురించి మాట్లాడుకునే ఏర్పాటు ప్రతి మానసిక వైద్య విభాగంలో ఉండాలని నేను గట్టిగా అనుకుంటాను. చాలాచోట్ల లేదు.

చివరిగా, ఉపయోగపడే ఒక నంబరు. మనసు బాగోనప్పుడు ఫోన్ చేసి సాయం అడగడానికి టెలీ మానస్, 14416. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషిని ఆస్పత్రికి తెస్తే పోలీసు కేసవుతుందని దాచిపెట్టకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, శిక్షించకూడదు, వైద్యం అందించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. ఏ ప్రభుత్వ బోధనాస్పత్రిలోనైనా సైకియాట్రీ ఓపీ ఉంటుంది. వెళ్లేటప్పుడు వాడుతున్న మందుల చీటీలన్నీ తీసుకెళ్లండి, ఇంట్లోంచి ఒకరు తోడు వెళ్లండి.

ఉంటాను. నమస్కారం.