చీపురు వాయించిన పాట

అధ్యక్షుల వారికి, పెద్దలకు, మిత్రులకు నమస్కారం. నాకిచ్చింది పది నిమిషాలే కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

కెనడాలో పుట్టిన రాక్ గాయకుడు నీల్ యంగ్ 1992లో ‘హార్వెస్ట్ మూన్’ ఆల్బమ్ తెచ్చినప్పుడు విమర్శకుల్లో చాలామంది మెచ్చుకున్నారు. నా బాధంతా ఆ మెచ్చుకున్న తీరు గురించే. ఇరవై ఏళ్ల కిందటి ఆయన ఆల్బమ్ ‘హార్వెస్ట్’ పక్కన పెట్టి కొలిచారు. గిటార్‌తో హోరెత్తించే మనిషి వయసు మీదపడి మెత్తబడ్డాడు అన్నట్టు రాసినవాళ్లూ ఉన్నారు. అప్పటికి ఆయనకి నలభై ఏడు కూడా నిండలేదండీ!

పోనీ, ఆ పాత ‘హార్వెస్ట్’కి 1972లో నీరాజనాలు పట్టారా? అమెరికా సంగీత పత్రిక రోలింగ్ స్టోన్ దాన్ని చీల్చి చెండాడింది. జనం మాత్రం ఎగబడి కొన్నారు. ఆ ఏడాది అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన ఆల్బమ్ అదే. అప్పుడు తిట్టిపోసిన రికార్డే ఇరవై ఏళ్లకి కొలబద్ద అయింది. ఇదేం న్యాయం?

ఆయన గొంతు తగ్గించడానికి అసలు కారణం వేరే ఉంది. 1991లో ‘వెల్డ్’ అనే లైవ్ ఆల్బమ్ మిక్సింగ్ చేశాక చెవుల్లో హోరు పట్టుకుంది. పెద్ద శబ్దం పడలేదు. అందుకని బెన్ కీత్, టిమ్ డ్రమండ్, కెనీ బట్రీ లాంటి, ‘హార్వెస్ట్’లో తనతో వాయించిన పాతవాళ్లని పిలిచాడు. గాయకులు లిండా రాన్‌స్టాట్, జేమ్స్ టేలర్ వంత పాడారు.

ఇక చీపురు సంగతి. ఇది చెప్పకుండా దిగను. టైటిల్ పాటలో తాళానికి తోడుగా సర్... సర్... మని ఒక చప్పుడు వినిపిస్తుంది. అది చీపురు! ఆయన గిటార్లు చూసుకునే లారీ క్రాగ్ లయ తప్పకుండా ఊడుస్తుంటే రికార్డు చేశారు. డ్రమ్స్ మోగిస్తే ఈ చప్పుడు వినపడుతుందా? ఆకాశవాణి లలిత గీతాలు వింటూ పెరిగినవాళ్లు మీలో చాలామంది ఉన్నారు, మీరే చెప్పండి. చిన్న శబ్దం చెవిన పడాలంటే చుట్టూ ఎంత ఖాళీ ఉంచాలి! ఆ ఖాళీ ఉంచడం అలసిపోయినవాడి పనా? లయ మీద పట్టున్నవాడి పని.

టైమ్ అయిందని కార్యదర్శి గారు సైగ చేస్తున్నారు. ఒక్క నిమిషం.

ఆల్బమ్ చివర్లో ‘నేచురల్ బ్యూటీ’ అని పది నిమిషాలు దాటిన పాట ఉంది. ప్రకృతిని పాడుచేసుకుంటున్నామన్న దిగులు. పాత ప్రేమల నెమరువేత కాదు, రేపటి గురించిన బెంగ. ‘హార్వెస్ట్’తో పోలికలు వెతికే హడావుడిలో దీనికి దక్కాల్సిన చోటు దక్కలేదని నా గట్టి నమ్మకం. 1994లో కెనడా వాళ్లు తమ సంగీత పురస్కారాలైన జూనో అవార్డుల్లో ‘హార్వెస్ట్ మూన్’నే ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా ఎంచుకున్నారు, సంతోషమే.

పాటల గురించి రాసే కుర్రాళ్లు వెనక వరసలో కనిపిస్తున్నారు. బాబూ, మీకొక్క మనవి. ఈ ఆల్బమ్ మొదటి నుంచి చివరిదాకా విని, ‘హార్వెస్ట్’ పేరెత్తకుండా ఒక పేజీ రాసి తీసుకురండి. మన పత్రికలో వేయించే పూచీ నాది.