ఉచిత లాయరు ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు?

శ్రోతలకు నమస్కారం. అనంతపురం నుంచి మాట్లాడుతున్నాను. కోర్టులో ప్రాక్టీసు చేసే మనిషిని కాబట్టి మాట కొంచెం సాగుతుంది, మీరే సర్దుకోవాలి. చట్టం సంగతి రెండు ముక్కల్లో చెప్పేసి విషయంలోకి వస్తాను.

పేదవాళ్లకు ప్రభుత్వ ఖర్చుతో లాయరును పెట్టాలని రాజ్యాంగంలో 39ఏ అధికరణ ఉంది. దానికోసం 1987లో చేసిన చట్టం 1995 నవంబర్ 9న అమల్లోకి వచ్చింది. ఆడవాళ్లు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, జైల్లో ఉన్నవాళ్లు, వీళ్లకు ఆదాయం ఎంతని అడగరు. మిగతావాళ్లకు మన రాష్ట్రంలో ఏడాదికి 3 లక్షల లోపు ఉండాలి. ఇదంతా కోర్టు గోడల మీద బోర్డుల్లో కనిపిస్తూనే ఉంటుంది. ఆ బోర్డు చూసి మీరు లోపలికి వెళ్లి తెల్లకాగితం మీద అర్జీ ఇస్తే, మీ ఫైలు ఎవరి బల్ల మీదకు పోతుంది? దాని గురించి ఎవరూ మాట్లాడరు, నేను ఈరోజు దాని గురించే మాట్లాడతాను.

పెద్ద నగరాల్లో లా ఫర్మ్ అంటే అద్దాల ఆఫీసు, ఏసీ. మన అనంతపురంలో, కర్నూలులో, కడపలో అయితే కోర్టు దగ్గర ఒక అద్దె గది, ఒక సీనియర్, ఇద్దరు జూనియర్లు, ఒక గుమాస్తా. అదే మన ఫర్మ్. కనీసం మూడేళ్లు ప్రాక్టీసు చేసినవాళ్లను జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్లోకి, అంటే ఉచిత కేసులు చూసే లాయర్ల జాబితాలోకి తీసుకుంటుంది, మీ ఉచిత కేసు వాళ్లకు వస్తుంది.

నాకు దగ్గరగా తెలిసిన ఒక కేసు చెబుతాను. పేర్లు అక్కర్లేదు. కళ్యాణదుర్గం వైపు పల్లె, ఇద్దరు పిల్లల తల్లి. మొగుడు బెంగళూరులో బేల్దారి పనికి పోయి, మొదట్లో డబ్బు పంపి, తర్వాత మానేశాడు. మన జిల్లాలో ఇది ఇంటింటి కథే. ఆమె మనోవర్తి కేసు కోసం అర్జీ పెట్టుకుంది, ఫైలు నాకంటే చిన్నవాడైన ఒక ప్యానెల్ లాయరుకు వచ్చింది. భార్య ఉండే చోటే కేసు వేయొచ్చు కాబట్టి బెంగళూరు పోయే బాధ తప్పింది. కానీ ఆదాయం, ఆస్తులు, అప్పులు అన్నీ రాసి ఇద్దరూ అఫిడవిట్ ఇవ్వాలని 2020లో సుప్రీంకోర్టు రజనీష్ వర్సెస్ నేహా తీర్పులో చెప్పింది. మంచి తీర్పే, మొగుడు జీతం దాచకుండా ఉండటానికి. కానీ చదువు రాని మనిషి దగ్గర కూర్చుని, రేషన్ బియ్యం నుంచి డ్వాక్రా అప్పు దాకా ఒక్కొక్కటి అడిగి అన్ని పేజీలు నింపడమంటే సగం పూట పని. తర్వాత టైపింగ్, జిరాక్స్, నోటరీ. అన్నీ లాయరు జేబులోంచే.

ఇక నోటీసు. బెంగళూరులో ఒక అడ్రసుకు పంపితే ఆ మనిషి అక్కడ లేడని తిరిగొచ్చింది, పని అయిపోయి వేరే బిల్డింగుకు మారిపోయాడట. ఇంకో అడ్రసు, మళ్లీ తిరుగు టపా. నోటీసు అందిన రోజు నుంచి వీలైతే 60 రోజుల్లో మధ్యంతర భృతి, అంటే కేసు తేలేదాకా ఇవ్వాల్సిన డబ్బు సంగతి తేల్చాలని చట్టంలోనే ఉంది. అందిన రోజు నుంచి! అందకపోతే లెక్క మొదలే కాదు. వాయిదా, మళ్లీ వాయిదా. ప్రతి వాయిదాకూ లాయరు కోర్టులో నిలబడాల్సిందే, ఆమె కూలి పోగొట్టుకుని బస్సెక్కి రావాల్సిందే.

దారి చూపించింది చివరికి ఆమే. ఉగాదికి ముందురోజు ఫోన్ చేసి, "సార్, ఊరికొచ్చినాడు, వాళ్లమ్మ ఇంట్లోనే ఉండాడు" అంది. ఆ లాయరు, పండగ అయిపోగానే కోర్టు తెరిచిన పొద్దునే అర్జీ వేసి, ఆ ఇంటి అడ్రసుకే నోటీసు తీయించాడు. ఇంటి దగ్గరే అందింది. మనిషి కోర్టుకొచ్చాడు, నెలనెలా ఇంత కట్టమని మధ్యంతర ఉత్తర్వు వచ్చింది, పిల్లల బడి ఆగలేదు. నాకు ఈ కేసంటే ఎందుకో చాలా ఇష్టం.

మరి లాయరుకు ఏమొచ్చింది? అప్పటికి ఏమీ రాలేదు. కేసు పూర్తయిందని రిపోర్టు ఇచ్చాక ఫీజు, ఖర్చులు ఆలస్యం లేకుండా ఇవ్వాలని ఉచిత న్యాయ సహాయం మీద 2010లో వచ్చిన నిబంధనల్లో రాసుంది. కానీ అసలు కేసు ఇంకా నడుస్తోంది కదా! పూర్తయ్యాక కూడా బిల్లు పెట్టి ఎదురుచూసిన వాళ్లు నాకు తెలుసు. ఈలోపు గది అద్దె ఆగదు, గుమాస్తా జీతం ఆగదు. సొంత కేసులు బాగా ఉన్న సీనియర్లు ప్యానెల్ వైపు రారు, వచ్చే జూనియర్లు నాలుగైదేళ్లకు టెన్షన్ పడలేక తప్పుకుంటారు. పని బాగా నేర్చుకున్న సమయానికి వెళ్లిపోతారన్నమాట.

క్రిమినల్ కేసుల్లో ముద్దాయిల కోసం 2022 నుంచి జీతం లాంటి నెలసరి గౌరవ వేతనంతో ఫుల్ టైమ్ డిఫెన్స్ లాయర్లను పెడుతున్నారు. మంచిదే. మనోవర్తి, భూమి తగాదా లాంటివి మాత్రం ఇంకా ప్యానెల్ మీదే. టైపింగు, నోటరీ ఖర్చయినా ఫైలు ఇచ్చిన రోజే లాయరు చేతిలో పెట్టాలని నా అభిప్రాయం. పెద్ద మొత్తమేమీ కాదు.

ఒక మాట దాచను. ఈ ఇబ్బందులు ఎన్ని ఉన్నా, ప్యానెల్ లాయరు మిమ్మల్ని డబ్బు అడగకూడదు. అడిగితే ఇవ్వొద్దు, న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి రాసివ్వండి. అలాగే "ఊరికే వచ్చే లాయరు ఏం వాదిస్తాడులే" అని కమ్మలు తాకట్టు పెట్టి వేరే లాయరు దగ్గరికి పరుగెత్తకండి.

సమయం అయిపోతోందని సైగ చేస్తున్నారు. ఒక్క పని చెప్పి ఆపేస్తాను. మీ కేసు నమోదు కాగానే సీఎన్ఆర్ నంబరు, అంటే కోర్టు మీ కేసుకు ఇచ్చే గుర్తింపు నంబరు రాయించుకోండి. అక్షరాలు, అంకెలు కలిపి 16 ఉంటాయి. రాయించుకోండి, రేషన్ కార్డుతో పాటు పెట్టుకోండి. ఈకోర్ట్స్ యాప్‌లో ఆ నంబరు కొడితే వాయిదా ఎప్పుడో కనిపిస్తుంది. మీకు ఫోన్ చూడటం రాకపోతే పదో తరగతి చదివే పిల్లల్ని అడగండి, చూసి చెబుతారు. వాయిదా తప్పిపోదు, లాయరుకు రోజుకు పదిసార్లు ఫోన్ చేసే అవసరమూ ఉండదు. ఇంకా అర్జీయే పెట్టుకోని వాళ్లు ఉచిత న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి, డబ్బు పడదు. నమస్కారం.